టెక్సాస్ సర్కారు బడికి డబ్బెలా వస్తుంది, గ్రేడ్ ఎలా వేస్తారు

పోయిన ఎపిసోడ్ విన్నాక డాలస్ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా పాప స్కూలుకి సి గ్రేడ్ వచ్చిందంట. ఏ గ్రేడ్ స్కూలున్న చోట అద్దె నెలకి నాలుగొందల డాలర్లు ఎక్కువ. మారిపోనా?" అని. ఆడియోలో సగమే చెప్పగలిగాను, మిగతాది ఇక్కడ రాస్తున్నా. నేను టీచర్ని కాదు. ఐటీఐ చేసి, గల్ఫ్‌లో పన్నెండేళ్లు పనిచేసి, నర్సు ఉద్యోగం వచ్చిన మా ఆవిడ వెనకాల హ్యూస్టన్ వచ్చినవాణ్ణి. అయితే ఇక్కడ స్కూలు బిల్డింగులు కట్టే పని చేశా, ఇద్దరు పిల్లల్నీ సర్కారు బడికే పంపిస్తున్నా.

ముందు డబ్బు సంగతి. ఎక్కువ భాగం రెండు చోట్ల నుంచి వస్తుంది. ఆ స్కూలు డిస్ట్రిక్టులోని ఇళ్లు, షాపుల మీద వేసే ఆస్తి పన్ను ఒకటి, రాష్ట్రం ఇచ్చేది ఇంకొకటి. కేంద్రం వాటా చిన్నది. నాకు సొంతిల్లు లేదు కదా, నేనేం కడుతున్నా అనుకోకండి. ఓనరు కట్టే పన్ను మన అద్దెలోనే ఉంటుంది.

ఆ పన్నులో మళ్లీ రెండు ముక్కలు. జీతాలు, కరెంటు లాంటి రోజువారీ ఖర్చుకి ఒకటి. బిల్డింగుల కోసం బాండ్లమ్మి తెచ్చిన అప్పు తీర్చడానికి రెండోది. మా సైటులో కుర్రాళ్లు "టీచర్లు లేరంటారు, జిమ్ మాత్రం కొత్తది కడతారు" అని నవ్వుతుంటారు. బాండు డబ్బుతో టీచరుకి జీతం ఇవ్వకూడదు, అదీ సంగతి. బాండు కావాలా వద్దా అని ఓటేసేది సిటిజన్లే. మనం కట్టడమే, ఓటు లేదు.

ఆస్తులు ఎక్కువున్న ఊరి బడికి ఎక్కువ, పేద ఊరికి తక్కువ అన్నమాటేగా? దీని మీదే 1968లో శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు కేసు వేశారు. ముందు నిలబడిన డెమెట్రియో రోడ్రిగెజ్ రేకుల పని చేసే కార్మికుడు, మనలాంటివాడే. 1973లో సుప్రీంకోర్టులో 5-4తో ఓడిపోయారు. తర్వాత 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఈ పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమంది. 1993లో చట్టం వచ్చింది, ఆస్తి ఎక్కువున్న డిస్ట్రిక్టు కొంత వెనక్కి కట్టాలని. విచిత్రమేంటంటే, హ్యూస్టన్ డిస్ట్రిక్టు కూడా 2017లో అలా కట్టాల్సి వచ్చింది. టవర్లు, మాల్స్ ఉన్నాయి కాబట్టి కాగితం మీద సంపన్నం. బళ్లో కూర్చునే పిల్లల్లో ఎక్కువమంది మాత్రం పేదింటివాళ్లు.

ఇప్పుడు మన చేతిలో ఉన్న విషయం. రాష్ట్రం లెక్క మొదలయ్యేది ఒక్కో పిల్లకి ఇంత అనే మొత్తంతో. 2019 నుంచి అది 6,160 డాలర్లు. 2025లో 55 పెంచారు, అంతే. పేద పిల్లలకి, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలకి పైన కొంత కలుస్తుంది. కానీ లెక్కించేది రిజిస్టర్లో పేర్లని కాదు, సగటు హాజరుని. వందమంది చేరి రోజూ తొంభైమందే వస్తే తొంభైమందికే డబ్బు. టీచరు, బస్సు, ఏసీ మాత్రం వందమందికీ ఉండాల్సిందే. ఒకసారి తిరుగు టికెట్లు చవకని సెలవులయ్యాక ఇంకో రెండు వారాలు ఊళ్లో ఉండిపోయాం. ఇద్దరు పిల్లలవీ కలిపి ఇరవై హాజర్లు పోయాయి. ఈ లెక్క అప్పటికి నాకు తెలీదు.

ఇక గ్రేడ్. ఏ నుంచి ఎఫ్ దాకా ఇస్తారు, డిస్ట్రిక్టుకీ, ఒక్కో స్కూలుకీ. లోపల మూడు భాగాలుంటాయి. మొదటిది పిల్లలు ఎంత స్కోరు చేశారన్నది. మిడిల్ స్కూలు దాకా ఇది పూర్తిగా స్టార్ పరీక్ష మార్కులే. రెండోది ప్రోగ్రెస్: పిల్లలు నిరుడి కంటే ఎంత ఎదిగారు, లేదా అంతే పేదరికం ఉన్న వేరే స్కూళ్లతో పోలిస్తే ఎలా ఉన్నారు. మూడోది, వెనకబడ్డ వర్గాల పిల్లలు, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎలా ఉన్నారన్నది. మొదటి రెండింట్లో ఏది మెరుగైతే దానికి 70 శాతం, మూడోదానికి 30.

మావాడి స్కూలుకీ సి వచ్చింది. నేనూ ఇల్లు వెతకడం మొదలుపెట్టా. లోపల తెరిచి చూస్తే స్కోరులో డి, ప్రోగ్రెస్‌లో బి. అంటే పిల్లలు వెనకబడి వస్తున్నారు, స్కూలు ముందుకి తోస్తోంది. మావాడు వచ్చినప్పుడు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు కూడా రావు, కాబట్టి నాకు కావాల్సింది ఆ బి. మేం మారలేదు.

అలాగని గ్రేడ్‌ని తేలిగ్గా తీసేయొద్దు. వరసగా ఫెయిలైతే పెద్ద దెబ్బే. 2023లో రాష్ట్రం హ్యూస్టన్ డిస్ట్రిక్టు ఎన్నికైన బోర్డుని పక్కనపెట్టి తన మనుషుల్ని కూర్చోబెట్టింది. దానికి మూలం ఒక్క హైస్కూలు ఏళ్ల తరబడి ఫెయిలవడం. ఇంకొకటి, ఒక్క ఏడాదిలో లెక్కల టీచర్లు ముగ్గురు మారారా లేదా అన్నది ఆ అక్షరంలో కనబడదు. స్కూలుకెళ్లి అడగాలి. అలా మారితే మాత్రం నేనే ఇల్లు మారేవాణ్ణి.

వీసా గడువు దాటిపోయిందని పిల్లల్ని చేర్చడానికి భయపడే కుటుంబాలు కూడా మనలో ఉన్నాయి. ప్లైలర్ కేసులో 1982లో సుప్రీంకోర్టు చెప్పింది, కాగితాలు లేవని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని. అది టెక్సాస్‌లోని టైలర్ ఊరి కేసే.

తమ్ముడూ, టీఎక్స్ స్కూల్స్ డాట్ గవ్ తెరిచి మీ స్కూలు పేరు కొట్టు. మూడు భాగాల్లో ఏమేం వచ్చాయో నాకు మెసేజ్ పెట్టు, అద్దె సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.