బాలురకు పరీక్షాబుద్ధి

మంత్రశక్తులను, అతీంద్రియశక్తులను బాలురు నమ్మవచ్చునా, నమ్మరాదా యని పెద్దలు తఱచుగ వాదించుచుందురు. నమ్ముమని చెప్పుట యెంత సులభమో, నమ్మవలదని చెప్పుటయు నంత సులభమే. రెండింటను బాలుడు పరుల మాటపై నాధారపడినవాడే యగుచున్నాడు. ఒక శక్తి కలదని యెవరైన చెప్పినపుడు దానిని పరీక్షించు మార్గమును అతనికి నేర్పుట పెద్దల ధర్మము.

మహిమలు చెప్పువారందఱును వంచకులని దూషించుట వలన ప్రయోజనము లేదు. 1853 లో ఇంగ్లండున, బల్లచుట్టు గూర్చుండి చేతులానించినచో ప్రేతాత్మలు దానిని త్రిప్పునను నమ్మకము ప్రబలెను. కమ్మరి కుమారుడై, పుస్తకములకు అట్టలు కట్టు పనినుండి శాస్త్రజ్ఞుడైన మైకేల్ ఫారడే, చేతులకును బల్లకును నడుమ అట్టముక్కలను మెత్తని బంకతో పొరలుగ నంటించి చూచెను. బల్లకంటె ముందు చేతులే కదలినట్లు ఆ పొరల జాఱుడు తెలిపెను. కూర్చున్నవారు సత్యసంధులే, తమ చేతులే త్రోయుచున్నవని వారికే తెలియదు! మఱుసటి యేట ఫారడే బుద్ధిశిక్షణమును గూర్చి యుపన్యసించుచు, మనుష్యుడు తనకు ప్రియమైన తలపులను తానే యదుపులో నుంచుకొన నేర్వవలెనని బోధించెను.

ఈ పని పండితులకే సాధ్యమనుకొనరాదు. రోగిని తాకకయే, అతని దేహముచుట్టు నుండు శక్తిని చేతులతో గుర్తించి స్వస్థపఱతుమను చికిత్స యొకటి అమెరికా నర్సులలో వ్యాపించి యుండెను. కొలరాడో రాష్ట్రమున ఎమిలీ రోసా యను తొమ్మిదేండ్ల బాలిక పాఠశాల విజ్ఞానప్రదర్శనకై దీనికొక పరీక్ష కల్పించెను. చికిత్సకులు తెరలోని రంధ్రములగుండ రెండు చేతులు చాపవలెను. ఆ బాలిక నాణెమెగురవేసి, దాని ననుసరించి ఒక చేతికి చేరువగ తన చేయి నుంచి, ఏ చేతికడ నున్నదో చెప్పుమని యడిగెను. 21 మంది 280 మారులు చెప్పగా 123 మారులు మాత్రమే సరిపోయెను. అనగా నూటికి 44. గ్రుడ్డిగ నూహించినను సగము సరిపోవును గదా! ఈ ఫలితము 1998 లో అమెరికా వైద్యసంఘ పత్రికయందు ప్రకటింపబడెను.

ఇట్టి విచారణ మనకు పరాయి విద్య కాదు. సాధ్యమున్నచోటను లేనిచోటను గూడ కనుపించు హేతువు దేనిని నిరూపింపజాలదనియు, అది సవ్యభిచారమను హేత్వాభాసమనియు మన న్యాయశాస్త్రము చెప్పుచున్నది. బోరుబావి వేయుటకు ముందు వేపపుల్లతోనో కొబ్బరికాయతోనో జలము చూపువారిని పిలుచుట మన పల్లెలలో వాడుక. వారు చూపినచోట నీరు పడెననిన చాలదు. చూపనిచోట ద్రవ్విన పడదా యని యడుగవలెను. బోరు ఎండిన, అప్పు రైతు నెత్తిపైననే మిగులును.

బడిపిల్లలే దీనిని పరీక్షింపవచ్చును. కుండలోని నీటిని గుర్తింపగలనని జలము చూపువాడు ముందుగ నొప్పుకొనవలెను. పది కుండలు తెచ్చి, ఒక్కొక్కదానికి నాణెమెగురవేసి నీరో యిసుకయో నింపి మూతలు వేయవలెను. నింపినవారెవరును ఎదుట నిలువరాదు. అతడు చెప్పినదంతయు వ్రాసికొనిన పిదపనే మూతలు తీయవలెను. పదింట అయిదు ఊహకే దొరకవచ్చును. పదియు సరిపోవుట ఊహకు 1,024 లో నొక్కమాఱు మాత్రమే. అతడు నెగ్గినచో మరల పరీక్షింపవలెను, ఓడినచో నవమానింపరాదు.

శాస్త్రీయదృష్టిని, విచారణబుద్ధిని పెంపొందించుకొనుట ప్రతిపౌరుని విధియని 1976 లో రాజ్యాంగమున చేర్చబడిన 51-ఏ అధికరణము చెప్పుచున్నది. దానిని వల్లించినంతమాత్రమున విధి నెఱవేరదు. “ఇది నీకెట్లు తెలిసినది?” యని బాలుడడిగినపుడు పెద్దలు కసరుకొనకుండుట దానికి మొదటి మెట్టు.