రాతికోట, నూలుపేట
షోలాపూర్‌లో చూడాల్సింది గోడలు మాత్రమే కాదు. తూర్పు వైపున ఇంకా ఆడుతున్న తెలుగువాళ్ల మగ్గాలు కూడా

ఆడపిల్లకు పొలం ఇస్తారు, బంగారం పెడతారు. అహ్మద్‌నగర్ నిజాంషాహీలు ఏకంగా కోటనే ఇచ్చారు. పెళ్లికూతురు చాంద్ బీబీ, పెళ్లికొడుకు బీజాపూర్ సుల్తాన్ అలీ ఆదిల్‌షా, కట్నం షోలాపూర్ కోట. అంతకు నలభై ఏళ్ల ముందు ఇదే కోటను తమ ఆడపిల్లతో పాటు ఇస్తామని బీజాపూర్ వైపు వాళ్లు మాటిచ్చి తప్పారు. ఆ పేచీ మీద రెండు రాజ్యాలూ తరం పాటు కొట్టుకున్నాయి. చాంద్ బీబీ పెళ్లితో వైరం సద్దుమణిగింది, సుల్తానులు ఒక్కటయ్యారు. కొద్దికాలానికే, 1565లో, తళ్లికోట యుద్ధంలో విజయనగరం కూలింది. తెలుగు నేల చరిత్రను మలుపు తిప్పిన ఆ పొత్తులో ఒక ముడి ఇక్కడే పడింది.

ఊరి నడిబొడ్డున ఉన్న ఈ కోటను మరాఠీలో ‘భుయికోట్’ అంటారు. కొండ ఆసరా లేకుండా చదును నేల మీద లేచిన కోట అన్నమాట. కొండ లేని లోటును గోడలతో, నీళ్లతో పూడ్చుకున్నారు. ఒకదాని లోపల ఒకటిగా రెండు ప్రాకారాలు. మూడు వైపులా అగడ్త, పాత రోజుల్లో దాని వెడల్పే వంద నుంచి నూటయాభై అడుగులు. నాలుగో వైపు, తూర్పున, సిద్ధేశ్వర చెరువు. బయటి గోడ పద్నాలుగో శతాబ్దపు బహమనీల కాలం నాటిది. ఆ తర్వాత ఆదిల్‌షాహీలు, నిజాంషాహీలు, మొఘలులు, పీష్వాలు ఎవరికి తోచిన బురుజు వాళ్లు కట్టుకుంటూ పోయారు. చివరికి 1818 మేలో థామస్ మన్రో దీన్ని ఇంగ్లిషువాళ్ల పరం చేశాడు. రాయలసీమలో కలెక్టరుగా పనిచేసి, పత్తికొండలో కన్నుమూసిన మన్రో దొరే ఈయన.

కోట లోపల ముప్పైరెండు స్తంభాల కట్టడం ఒకటుంది. పాత గుడి శిథిలాలూ ఉన్నాయి. కోట కంటే ముందు ఇక్కడ ఉన్నది సిద్ధరాముడి సొన్నలిగె అనే ఊరు. పన్నెండో శతాబ్దపు ఈ శివశరణుడు మల్లయ్యను వెతుక్కుంటూ శ్రీశైలం దాకా వెళ్లి, తిరిగొచ్చి చెరువు తవ్వించాడని, ఊరి చుట్టూ అరవై ఎనిమిది లింగాలు నిలిపాడని చెబుతారు. చెరువులో నిలబడ్డ సిద్ధేశ్వర ఆలయానికి సంక్రాంతి రోజుల్లో గడ్డా యాత్ర జరుగుతుంది. ఏడు పొడవాటి నందిధ్వజాలను మోస్తూ భక్తులు ఆ లింగాలన్నిటినీ చుట్టి వస్తారు. సిద్ధరాముణ్ణే పెళ్లాడతానన్న కుమ్మరి పిల్లకు ఆయన యోగదండంతో పెళ్లి జరిగిందని కథ. ఆ పెళ్లి అక్షతలు ఏటా భోగినాడు పడతాయి.

కార్కసోన్‌లో ఆగినది, ఇక్కడ ఆగనిది

మధ్యయుగపు కోట ఊళ్లంటే యాత్రికులకు ముందు గుర్తొచ్చేది ఫ్రాన్స్. అందులోనూ కార్కసోన్. దానికీ రెండు ప్రాకారాలే. దాని కింద, ఓడ్ నది అవతల, పదమూడో శతాబ్దంలో వెలిసిన దిగువ పేట ఉన్ని బట్టల నేతతో, వ్యాపారంతో బాగుపడింది. కాలక్రమంలో అక్కడి నేత ఆగిపోయింది. పందొమ్మిదో శతాబ్దంలో వియొలె-ల్-దుక్ అనే వాస్తుశిల్పి పాడుబడ్డ కోటను బాగుచేయించాడు. 1997లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇప్పుడు లక్షల మంది ఆ గోడలు చూడటానికి వెళ్తారు.

షోలాపూర్‌ది తిరగేసిన కథ. కోట ప్రశాంతంగా తోటలా మారింది. పేట మాత్రం ఇంకా పని చేస్తోంది. ఆ పేటకు వెళ్లాలంటే చెరువు దాటి తూర్పుకు నడవాలి. షోలాపూర్ వాళ్లు దాన్ని ‘పూర్వ భాగ్’ అంటారు. సాఖర్ పేట, పచ్చా పేట, దత్తనగర్, అశోక్ చౌక్, కర్ణిక్ నగర్ అన్నీ అటే. అశోక్ చౌక్ పేరు ఊళ్లో చదువుకునే పిల్లలకు వాల్‌చంద్ కాలేజీల వల్ల తెలుసు. చౌరస్తా నుంచి సందుల్లోకి తిరిగితే వినిపించేది సాంచాల (మరమగ్గాల) మోత, దాని మధ్య తెలంగాణ తెలుగు.

పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు

ఈ తెలుగు నిజాం రాజ్యం నుంచి వచ్చింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు పద్మశాలీలు కరువులకు, అప్పులకు తాళలేక పడమటికి కదిలారు. షోలాపూర్‌కు రైలు 1860 నాటికే వచ్చింది. 1877లో పెద్ద నూలు మిల్లు మొదలైంది. ఊరివాళ్లు తర్వాత దాన్నే ‘జునీ మిల్’, పాత మిల్లు, అన్నారు. లక్ష్మీ, విష్ణు, నర్సింగ్ గిర్జీ మిల్లులు దాని వెనకే వచ్చాయి. మిల్లులో కూలి దొరికింది, మిల్లు నూలుతో ఇంట్లో మగ్గం ఆడింది. పెద్దపల్లిలోనో, సిరిసిల్లలోనో చుట్టాలున్నవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చి చేరారు.

ఆ మిల్లు కూలీలు చరిత్రలోనూ చేయి వేశారు. 1930 మేలో గాంధీజీ అరెస్టు వార్త విని ఊరు లేచింది. కాల్పులు జరిగాయి, పోలీసులు ఊరు విడిచారు, కొన్ని రోజులు షోలాపూర్‌లో ఇంగ్లిషు పాలన లేకుండా పోయింది. ప్రభుత్వం మార్షల్ లా పెట్టి కసి తీర్చుకుంది. మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిషన్ సార్డాలను 1931 జనవరి 12న ఎరవాడలో ఉరితీశారు.

తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. నేత మాత్రం వీధుల్లోకి వచ్చి బతికింది. చేతిమగ్గం స్థానంలో కరెంటు సాంచ వచ్చింది. దుప్పటి, తువ్వాలు ఈ ఊరి పేరుతో దేశమంతా తిరిగాయి. పుల్గం, చాట్ల వంటి తెలుగు ఇంటిపేర్లే దుకాణాల బోర్డుల మీదికి ఎక్కాయి. షోలాపురి చద్దర్‌కు, టెర్రీ టవల్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వేరే ఊళ్ల సరుకు ఇదే పేరుతో అమ్ముడవుతుంటే ఆ గుర్తింపు అవసరమైంది.

ఇక్కడ ఫ్రాన్స్ మళ్లీ ఎదురవుతుంది. చద్దర్ మీద నెమళ్లు, పూలు నేసేది జకార్డ్. 1804లో లియాన్ పట్టణపు జోసెఫ్ మారీ జకార్డ్ చేసిన పనిముట్టు అది. చిల్లులు పొడిచిన అట్టలు వరసగా తిరుగుతాయి. ఏ పడుగు పోగు లేవాలో, ఏది కింద ఉండాలో చిల్లు చెబుతుంది. పోగులు లేచిన సందులోంచి పేక దూరుతుంది. లియాన్ నేతగాళ్లు 1831లో కూలి రేటు కోసం తిరగబడ్డారు. రేటు గొడవ షోలాపూర్ సాంచాల దగ్గరా ఎప్పుడూ ఉన్నదే. తువ్వాలు పని వేరు. దానికి రెండు పడుగులు. ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా. వదులు పడుగు పైకి లేచి నీళ్లు పీల్చే ఉంగరాలవుతుంది.

మగవాళ్ల చేతిలో సాంచ ఉంటే ఆడవాళ్ల ఒడిలో బీడీల చాట ఉంటుంది. ఆకు కత్తిరించి, జర్దా పోసి, చుట్టి, దారం కట్టడం. కండెలు చుట్టడం వేరే. పూర్వ భాగ్‌లో చాలా ఇళ్లు నిలబడింది ఈ చేతుల మీదే. వాళ్ల కోసం నర్సయ్య ఆడం నాయకత్వంలో సాగిన పోరాటం ఊరి రూపాన్నే మార్చింది. షోలాపూర్ వాళ్లకు ఆయన ‘ఆడం మాస్తర్’, మార్క్సిస్టు పార్టీ మాజీ ఎమ్మెల్యే. శివార్లలోని కుంభారిలో బీడీ కార్మిక స్త్రీలకు కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరుళేకర్ పేరిట పదివేల ఇళ్లు కట్టారు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వాటిని అప్పగించారు. తర్వాత అసంఘటిత కార్మికులకు 30 వేల ఇళ్ల రే నగర్ తలపెట్టారు. 2024 జనవరిలో ప్రధాని మోదీ అందులో 15 వేల ఇళ్ల తాళాలు ఇచ్చారు. రాజులు కట్టిన కోటను చూశాక, కూలీలు పట్టుబట్టి కట్టించుకున్న ఈ ఊరినీ చూడాలి.

వలస వచ్చినవాళ్లు ఊరి పక్కన మిగిలిపోలేదు. గంగాధర్ కూచన్, ధర్మణ్ణ సాదుల్ ఇక్కడి నుంచి లోక్‌సభకు వెళ్లారు. మరాఠీ కవిగా పేరు తెచ్చుకున్న లక్ష్మీనారాయణ బొల్లి తెలుగింటివాడే. పద్మశాలి సంఘాలు బడులు, కాలేజీలు నడుపుతున్నాయి. మార్కండేయుడి పేరుతో సహకార ఆసుపత్రి ఉంది. అయితే పిల్లలు చదివేది ఎక్కువగా మరాఠీ, ఇంగ్లిషు. తెలుగు నాలుక మీద ఉంది, పలక మీద తగ్గిపోతోంది. సాంచ నడపడానికి కొత్త తరం అంతగా ఇష్టపడటం లేదు. అందుకే ఈ పేటను చూడాలనుకునేవాళ్లు ఎక్కువకాలం వాయిదా వేయకూడదు.

ఎలా, ఎప్పుడు

హైదరాబాద్ నుంచి జహీరాబాద్ మీదుగా 65వ నంబరు జాతీయ రహదారిలో సుమారు మూడువందల కిలోమీటర్లు. రైల్లో అయితే వాడి, కలబురగి మీదుగా హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్. తుళజాపూర్, పండరిపురం, అక్కల్‌కోట యాత్రకు వెళ్లే తెలుగువాళ్లు షోలాపూర్‌లో రైలు దిగి నేరుగా బస్సెక్కేస్తారు. ఒక పగలు ఆగితే చాలు. పొద్దున కోట, చెరువు, గుడి. మధ్యాహ్నం కడక్ భాకరీ, వేరుశనగ చట్నీ. సాయంత్రం అశోక్ చౌక్ సందులు.

పండగ చూసి వెళ్లాలనుకుంటే మూడు దారులున్నాయి. సంక్రాంతికి గడ్డా యాత్ర. శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథోత్సవం, పద్మశాలీలు జంధ్యం మార్చుకునే రోజు. దసరా ముందు బతుకమ్మ. ఈ మూడింటిలో ఒకటే చూడగలిగితే శ్రావణ పౌర్ణమిని ఎంచుకోండి. తక్కిన రెండూ కన్నడ దేశంలోనో, తెలంగాణలోనో కొంత దొరుకుతాయి. మరాఠీ నగరం నడివీధిలో తెలుగు నేతగాళ్ల రథం మాత్రం షోలాపూర్‌లో చూడాల్సిందే. కాకపోతే పండగ మర్నాడు కూడా ఊళ్లో ఉండండి. సాంచాలు మళ్లీ ఆడేది ఆ రోజే.