దీర్ఘవ్యాధి, పాత గాయము, ప్రత్యామ్నాయ చికిత్సలు: ఒక కాపరి అనుభవము

దీర్ఘకాల వ్యాధితో బాధపడే విశ్వాసి వైద్యుని యొద్దకు వెళ్తాడు, కాపరి యొద్ద ప్రార్థన చేయించుకుంటాడు. ఈ రెంటికి తోడు మూడవ మార్గమొకటి మన సంఘములలోనికి వచ్చియున్నది. "నీ రోగమునకు మూలము నీ మనస్సులోని పాత గాయము. అది మానితే రోగము పోతుంది" అని చెప్పే పద్ధతులవి. కొన్ని క్రైస్తవ నామముతో, కొన్ని మనస్తత్వ శాస్త్రము పేరుతో, మరికొన్ని ఏ పేరూ లేకుండ యూట్యూబ్ ద్వారా వస్తున్నవి. వాటిలో నాలుగింటిని నేను రోగిగా అనుభవించాను. ఆ అనుభవమును, వాటిని గూర్చి పరిశోధనలు చెప్పిన సంగతులను కలిపి ఈ వ్యాసములో పరిశీలిస్తాను.

నా రోగము రుమటాయిడ్ ఆర్థరైటిస్. మనవారు కీళ్లవాతము అంటారు. శరీరపు రక్షణ వ్యవస్థ తన సొంత కీళ్ల పొరలమీదనే దాడి చేయుట దీని స్వభావము. 2006లో నిర్ధారణ అయినది. గాయము అంతకు చాలా ముందటిది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు నాకు తొమ్మిదేండ్లు. ఆ రాత్రి మా చెల్లి చేయి నా చేతిలోనుండి జారిపోయినది. తరువాత అనేక ప్రసంగములలో ఉప్పెనను ఉదాహరణగా చెప్పాను గాని, ఆ చేతిని గూర్చి ఎవరితోను చెప్పలేదు.

2009లో ఒక అంతరంగ స్వస్థత కూటమునకు వెళ్లాను. ఈ పరిచర్యకు చరిత్ర ఉన్నది. ఇరవయ్యవ శతాబ్దపు మధ్యకాలములో అమెరికాలోని ఎపిస్కోపల్ సంఘమునకు చెందిన ఆగ్నెస్ శాన్‌ఫర్డ్ దీనికి రూపమిచ్చారు. తరువాత ఫ్రాన్సిస్ మెక్‌నట్ వంటివారు కేథలిక్ కెరిస్మాటిక్ వర్గములలో వ్యాపింపజేశారు. యేసును మన గత జ్ఞాపకములోనికి ఆహ్వానించి, అక్కడ ఆయన సన్నిధిని ధ్యానించుట దీనిలోని ముఖ్యాంశము. అందులో తప్పు నాకు కనబడదు. ఆ సాయంకాలము ముప్పది రెండు సంవత్సరముల తరువాత మొదటిసారి చెల్లి పేరు పైకి పలికి ఏడ్చాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఈ మేలును నేను కాదనలేను.

మరునాడు ఆ బోధకుడు నా వంకర తిరుగుచున్న వ్రేళ్లను పట్టుకొని, "ఆమెను విడిచిన చేతిని నీవు క్షమించలేదు. అందుకే ఈ చేతులు బిగుసుకొనిపోయినవి" అన్నాడు. అంత చక్కగా అతికిన వివరణను నేను అంతవరకు వినలేదు. వెంటనే నమ్మాను. కీళ్లవాతము సాధారణముగా చేతులలోని చిన్న కీళ్లను ముందుగా పట్టుకుంటుందని, ఎవరి చేతినీ విడువని వారి చేతులు కూడ ఇట్లే అవుతాయని నాకు తెలియక కాదు, వైద్యుడు చెప్పియున్నాడు. అయినను కథ బలమైనది. వారమునకొకసారి వేసుకొనే మెథోట్రెక్సేట్ మాత్రలను విశ్వాస క్రియగా మానివేశాను. ఏడు నెలలు గడిచినవి. ఎక్స్‌రేలో కుడిచేతి రెండు వ్రేళ్ల ఎముక అంచులు తిన్నట్లు కనబడినవి. అట్లు పోయిన ఎముకను మందు తిరిగి తేలేదు, ఇంకా పోకుండ ఆపుతుంది, అంతే. నా భార్య మాత్రల పెట్టెను పారవేయక బీరువాలో దాచియుంచినది. ఒక మాట అనకుండ తెచ్చి నా ముందు పెట్టినది.

ఈ బోధకు ఆధారముగా కొందరు 1998లో ఫెలిట్టి, ఆండా మొదలైనవారు అమెరికాలో ప్రచురించిన అధ్యయనమును చూపుతారు. బాల్యములో హింస, నిర్లక్ష్యము వంటి కష్టములు ఎక్కువగా అనుభవించినవారిలో పెద్దయ్యాక గుండెజబ్బు మొదలైన అనేక వ్యాధులు ఎక్కువగా కనబడినవని అది చూపినది. అది విలువైన పని. అయితే అది వేలాదిమంది సమూహములో కనబడిన సంబంధమును గూర్చి మాట్లాడుతుంది. ఒక మనుష్యుని చేయి పట్టుకొని "నీ రోగకారణము ఇదే" అని తీర్పు చెప్పుటకు అది అధికారమివ్వదు. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చున్నంతవరకు మంచి సలహాదారులే. వారి పొరపాటు కారణము చెప్పుటతో మొదలైనది.

తరువాత సంఘములోని ఒక సహోదరి నాకు తట్టే పద్ధతిని నేర్పినది. ఈ.ఎఫ్.టి. అని పిలువబడే దీనిని రోజర్ కల్లహన్ పద్ధతి ఆధారముగా గారీ క్రెయిగ్ 1990లలో రూపొందించాడు. మనస్సులోని భయమును పేరుపెట్టి చెప్పుచు కనుబొమ్మ, కంటిక్రింద, మెడ ఎముక వంటి స్థలములలో వ్రేళ్లతో తట్టుకోవాలి. (వాచిన వ్రేళ్లతో తట్టుకొనుట ఎట్లుంటుందో ఈ పద్ధతిని కనిపెట్టినవారు ఆలోచించినట్లు లేదు. మా ఆమె తట్టేది.) వర్షపు రాత్రులలో వచ్చే దడ దీనివలన తగ్గేది. ఉదయపు కీళ్ల బిగువు మాత్రము గంటసేపు అట్లే ఉండేది.

ఇది చైనా వైద్యములోని శక్తినాళముల సిద్ధాంతముపై ఆధారపడినది గనుక విశ్వాసి చేయవచ్చునా అని విద్యార్థులు అడుగుతారు. అంతకంటె ముందు అడుగవలసినది, ఆ సిద్ధాంతము నిజమేనా అని. 2003లో వెయిట్, హోల్డర్ అనువారు విద్యార్థులతో ఒక ప్రయోగము చేశారు. కొందరు చెప్పబడిన స్థలములలో తట్టుకున్నారు, కొందరు ఏవో ఇతర స్థలములలో, కొందరు ఒక బొమ్మమీద తట్టారు. ఏమీ చేయనివారితో పోలిస్తే మూడు గుంపులలోను భయము తగ్గినది. అనగా మేలు చేసినది నాళములు కావు. భయమును పైకి చెప్పుట, శరీరము నెమ్మదించుట కావచ్చును. నా విషయములో ప్రక్కన ఒకరు ఉండుట కూడ.

మూడవది ఈ.ఎం.డి.ఆర్. ఫ్రాన్సిన్ షపీరో దీనిని 1989లో ప్రచురించారు. జ్ఞాపకమును మనస్సులో ఉంచుకొని, చికిత్సకుని వ్రేలిని కన్నులతో ఇటు అటు అనుసరించుట ఇందులో ముఖ్యము. కన్నుల కదలిక నిజముగా అవసరమా అనే చర్చ జరుగుచునేయున్నది. అయినను తీవ్ర భయానుభవముల తరువాత వచ్చే మానసిక వ్యాధికి దీనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసినది గనుక, దీనిని ప్రత్యామ్నాయమనుట ఇప్పుడు సరికాదేమో. నాకు 2016లో చికిత్స చేసిన మనస్తత్వవేత్త మొదట అడిగిన ప్రశ్న, "కీళ్ల మందులు వేసుకుంటున్నారా?" అని. మొదటి రెండు వారములు ఆ రాత్రిని ముట్టుకొననేలేదు. నెమ్మదించుట నేర్పారు. కూటములో రెండువందలమంది మధ్య మొదటి సాయంకాలమే దానిని బయటికి లాగారని అప్పుడు గుర్తుకు వచ్చినది. దుర్ఘటన తరువాత ఒకేసారి కూర్చోబెట్టి అంతా చెప్పించుట మేలు చేయదని, కొందరికి హాని కూడ కలుగవచ్చునని 2002 నాటి కాక్రేన్ సమీక్ష హెచ్చరించినది. ఎనిమిది వారముల తరువాత జ్ఞాపకము పోలేదు. వర్షము పడినప్పుడెల్లా నా చేయి దానంతట అది మూసుకొనుట ఆగినది.

నాలుగవది వ్రాయుట. జేమ్స్ పెన్నెబేకర్ 1980లలో ఆరంభించిన పద్ధతి ఇది. 1999లో స్మిత్ బృందము 112 మంది ఉబ్బస, కీళ్లవాత రోగులమీద దీనిని పరీక్షించినది. వరుసగా మూడు దినములు ఇరవై నిమిషముల చొప్పున తమ అతి కఠినమైన అనుభవమును వ్రాసినవారిలో నాలుగు నెలల తరువాత రోగలక్షణములు కొంత తగ్గినవి. వారందరు వైద్యము కొనసాగించుచునే వ్రాశారని గమనించాలి. తరువాతి అధ్యయనములలో ఫలితము చిన్నదిగా, కొన్నిసార్లు లేనట్లుగా కనబడినది. నేను లావుపాటి కలముతో వ్రాశాను. కీళ్లకు ఏమైనదో చెప్పలేను గాని, ఆ కాగితములను నా భార్యకు ఇచ్చి చదువమన్నాను.

మార్కు 5వ అధ్యాయములోని స్త్రీ పండ్రెండేండ్ల రోగి. అనేక వైద్యులయొద్ద ఉన్నదంతయు ఖర్చుచేసినది. ఈ భాగమును వివరించునప్పుడు వరుసక్రమమును గమనించమని విద్యార్థులను కోరుతున్నాను. రక్తస్రావము 29వ వచనములోనే ఆగినది. ఆమె తన సంగతంతయు చెప్పుట 33లో ఉన్నది. చెప్పుట వలన రోగము పోలేదు; రోగము పోయిన తరువాత కూడ చెప్పుట అవసరమైనది. ఆమె బాధకు 29, 34 వచనములలో వాడబడిన గ్రీకు పదము "మాస్టిక్స్"కు మొదటి అర్థము కొరడా. ప్రభువు ఆమెను కుమారీ అని పిలిచి సమూహములో నిలబెట్టాడు. ఆమె ఎందుకు రోగియైనదో ఒక్కమాట కూడ అనలేదు. నాకు జరిగినది దీనికి కొంత తలక్రిందులు: చెప్పుట జరిగినది, రోగము ఉన్నది. మొదటిది జరిగినందుకు రెండవది పోవలెనని లెక్క కట్టడమే నన్ను దెబ్బతీసినది.

రోగిని దర్శించునప్పుడు నేనిప్పుడు మందులను గూర్చి ముందుగా అడుగుతాను, మానివేయమని ఎవరైనా చెప్పారేమో కూడ. పాత గాయమును గూర్చి నేనై అడుగను. వారు మొదలుపెడితే వింటాను, ఆపితే ఆగుతాను. నిద్ర లేనివారిని, చావు మాట ఎత్తేవారిని నా ప్రార్థనతోనే సరిపెట్టక నిపుణుల యొద్దకు పంపుతాను. 2022 అక్టోబరులో ఆరంభమైన ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చును. చదువుటకు ఏదైనా వాక్యము అడిగితే 88వ కీర్తన ఇస్తాను. అది చీకటిలోనే ముగుస్తుంది గనుక కొందరు కాపరులు దానిని రోగుల మంచము దగ్గర చదువరు. నా అనుభవములో రోగులు దానిని రెండవసారి చదువమని అడుగుతారు.