మూసీ ఒడ్డున హైకోర్టు

సరూర్‌నగర్ నుంచి లాడ్‌బజారుకు గాజులు కొనడానికి పోయేవాళ్లు అఫ్జల్‌గంజ్ మీదుగా పోతే నయాపూల్ వంతెన దాటాలి. వంతెన మీద కుడివైపు చూస్తే, గుమ్మటాలతో పెద్ద ఎర్రరాతి భవనం కనిపిస్తుంది. కొత్తవాళ్లు కోట అనుకుంటారు. కోట కాదు, అది హైకోర్టు.

1908 సెప్టెంబరులో మూసీకి పెద్ద వరద వచ్చింది. వేలమంది చనిపోయారు. ఒడ్డున ఇళ్లు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత నగరాన్ని బాగుచేసే పని మొదలైంది. ఏటికి ఆ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, ఈ ఒడ్డున హైకోర్టు లేచాయి.

హైకోర్టుకు 1915లో పునాది వేశారు. 1920 ఏప్రిల్ 20న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించారు. విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు దొర, జైపూరుకు చెందిన శంకర్‌లాల్ నమూనా తయారుచేశారు. ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్ దగ్గరుండి కట్టించారు. రాళ్లు మోసినవాళ్ల పేర్లు, చెక్కినవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ చెప్పుకోరు.

ఈ భవనంలో ఎటు చూసినా కమానులే. కమాను అంటే విల్లులాగ వంచి పేర్చిన రాళ్ల వరుస. పైన పడ్డ బరువు ఆ వంపు వెంట రెండు పక్కలకు దిగి స్తంభాల మీదికి పోతుంది. అందుకే కింద అంత ఖాళీ వదిలినా గోడ కూలదు. 2009లో లోపల మంటలు లేచాయి. పుస్తకాల గది కాలిపోయింది. రాతి కట్టడం నిలిచింది.

మొదట ఇది నిజాం రాజ్యపు కోర్టు. 1956లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయింది. 2019 జనవరి 1 నుంచి తెలంగాణ హైకోర్టు. ఇప్పుడు ఇక్కడ చోటు చాలడం లేదు. రాజేంద్రనగర్ దగ్గర 100 ఎకరాల్లో కొత్త హైకోర్టుకు 2024 మార్చిలో పునాదిరాయి వేశారు.

మరి సరూర్‌నగర్‌లో ఒకామెకు మనోవర్తి రాలేదనుకోండి. నేరుగా హైకోర్టుకు పోనక్కరలేదు. ముందు ఎల్.బి.నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులు ఉన్నాయి. కింది కోర్టు తీర్పు నచ్చకపోతే గడువులోపల పై కోర్టుకు పోవచ్చు. రాష్ట్రంలో అన్నిటికన్నా పై కోర్టు హైకోర్టు.

వకీలుకు డబ్బులెక్కడివి అని చాలామంది ఆగిపోతారు. 1987లో చేసిన చట్టం ప్రకారం ఆడవాళ్లకు, సంపాదన ఎంతున్నా సరే, ప్రభుత్వమే వకీలును పెడుతుంది. ఫీజు అడగరు. జిల్లా కోర్టులోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంది. హైకోర్టులోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. అక్కడ దరఖాస్తు ఇవ్వాలి. రాయడం రానివాళ్లు నోటితో చెబితే ఆఫీసువాళ్లే రాసుకుని వేలిముద్ర తీసుకుంటారు. రాయడం వచ్చినామె తన మాట తానే రాసి, కింద సంతకం పెట్టి ఇస్తుంది.