డాక్యుమెంట్ డేటాబేసులో బహుళ సూచికల సమన్వయం: నంద్యాల, ఆళ్ళగడ్డ శాసనాల అన్వేషణ

1. ఉపోద్ఘాతం

ఒక్కొక్క శాసనాన్ని ఒక్కొక్క డాక్యుమెంటుగా భద్రపరచిన డేటాబేసులో స్థలం, శతాబ్దం, భాష అనే అంశాలకు వేర్వేరు సూచికలు ఉన్నాయనుకొందాం. ‘ఆళ్ళగడ్డ, 16వ శతాబ్దం, తెలుగు’ అని అన్వేషిస్తే మూడింటి ఫలితాలనూ కలపవలసి ఉంటుంది.

2. సమన్వయ విధానం

ప్రతి సూచికా డాక్యుమెంటు సంఖ్యల జాబితాను ఇస్తుంది. డాక్యుమెంట్లన్నింటినీ తెచ్చి వడపోయుట కంటె ఈ జాబితాల ఛేదనాన్ని ముందుగా కనుగొనుట మేలు. ఆరోహణక్రమంలో ఒకదానిలో 200, మరొకదానిలో 10,000 సంఖ్యలుంటే వరుస పోలికకు దాదాపు 10,200 అడుగులు పట్టవచ్చు. చిన్న జాబితాలోని ప్రతి సంఖ్యనూ పెద్దదానిలో ద్విభాజన పద్ధతిలో వెదికితే సుమారు 2,800 పోలికలు చాలును. తరచుగా కలిసివచ్చే అంశాలకు సంయుక్త సూచిక ఉత్తమం.

3. రూపాంతరాల సమస్య

‘ఆళ్ళగడ్డ’, ‘ఆళ్లగడ్డ’ అనే రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి. యంత్రానికి అవి వేర్వేరు పదాలు. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకు పూర్వపు నమోదులలో ఈ ప్రాంతం కర్నూలు జిల్లాకు చెందినది. ఒక్క రూపంతోనే ఛేదనం జరిపితే మిగిలిన శాసనాలు తెలియకుండానే జారిపోతాయి. లభించని శాసనం లేనిదిగా నిర్ధారితమవుతుంది.

4. ముగింపు

కావున గ్రామనామాన్ని ఆధారంగా గ్రహించి, ముందు రూపాంతరాల సమ్మేళనాన్ని, పిదప ఛేదనాన్ని జరపాలి. వేగం కంటె ఈ క్రమమే పరిశోధనకు ప్రాణం.