బొగ్గును యాసిడ్‌తో కడిగితే...

మందమర్రిలో పుట్టి పెరిగి ఇప్పుడు టెక్సస్‌లో ఉంటున్న ఒకాయన రెండు ప్రశ్నలు పంపారు. "సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువ కదా, యాసిడ్‌తో కడిగేస్తే పోదా?" అన్నది మొదటిది. హైస్కూల్లో చదివే వాళ్ళబ్బాయి సైన్స్ ఫెయిర్‌కి ఇదే ప్రయోగం చేస్తానంటున్నాడట, చెయ్యనివ్వచ్చా అన్నది రెండోది. నేను చాలా ఏళ్ళుగా బొగ్గు పరీక్షించే ల్యాబ్‌లో పని చేస్తున్నాను కాబట్టి ఈ ఉత్తరం నా చేతికి వచ్చింది.

బొగ్గులో రెండు సరుకులు కలిసి ఉంటాయి. ఒకటి మండేది. ఒకప్పటి చెట్టూచేమా మిగిల్చిన పదార్థం, కార్బన్ ఉంగరాలు ఒకదానికొకటి ముడిపడిన పెద్ద వల అనుకోండి. రెండోది మండనిది. బంకమట్టి, ఇసుక, సున్నపురాయి, బంగారంలా మెరిసే పైరైటు. బూడిదగా మిగిలేది ముఖ్యంగా ఈ రెండోదే. మన దేశంలో కరెంటు కేంద్రాలకు వెళ్ళే బొగ్గులో నూటికి 30 నుంచి 40 పాళ్ళు బూడిద ఉండటం మామూలు. అది బియ్యంలో రాళ్ళలా విడిగా ఉంటే ఏరేయొచ్చు. మన గోండ్వానా బొగ్గులో చాలావరకు అది పిండిలో కలిసిపోయిన సన్న ఇసుక లాంటిది. నీళ్ళతో కడిగే వాషరీలు పెద్ద రాళ్ళను తీస్తాయి గానీ దీన్ని అంతగా తియ్యలేవు. అందుకే యాసిడ్ ఆలోచన వస్తుంది.

బాత్‌రూం కడిగే యాసిడ్ మొజాయిక్ గచ్చు మీద పడితే బుసబుసా పొంగుతుంది చూశారూ, అదే హైడ్రోక్లోరిక్ యాసిడ్. బొగ్గులోని సున్నపురాయిని కూడా అలాగే కరిగించేస్తుంది. బంకమట్టీ ఇసుకా దానికి లొంగవు. వాటికి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కావాలి. అది గాజును కూడా తినేస్తుంది కనుక ప్లాస్టిక్ గిన్నెల్లో వాడతాం. సున్నం మిగిలి ఉండగా అది పోస్తే ఇంకో కరగని ఫ్లోరైడు తయారై కూర్చుంటుంది. అందుకని ముందు హైడ్రోక్లోరిక్, తర్వాత హైడ్రోఫ్లోరిక్, మళ్ళీ హైడ్రోక్లోరిక్. ల్యాబుల్లో చాలాకాలంగా ఉన్న వరస ఇది.

ఆ అబ్బాయి తండ్రిగారికి ఇక్కడే గట్టిగా చెప్పాలి. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఇంటి ఛాయలకు రాకూడదు. పలచగా ఉంటే చర్మం మీద పడ్డప్పుడు వెంటనే మంట కూడా తెలియకపోవచ్చు. లోపలికి దిగి ఒంట్లోని కాల్షియంను పట్టేసి ప్రాణం మీదికి తెస్తుంది. ఈ దేశంలో అమ్మే కొన్ని తుప్పు మరకల మందుల్లో ఇది ఉంటుంది, డబ్బా మీద చదివి చూడండి. అబ్బాయి చేతికి వెనిగర్ ఇవ్వండి. కళ్ళద్దాలు పెట్టుకుని, తెల్లచారలున్న బొగ్గుముక్క మీద పొయ్యమనండి. ఆ చారలు సున్నపురాయివైతే చిన్న చిన్న బుడగలు వస్తాయి. సైన్స్ ఫెయిర్‌కి అది చాలు.

ఇప్పుడు అసలు సంగతి. యాసిడ్ రాయినే తీస్తుందా, బొగ్గును కూడా ముట్టుకుంటుందా? ముదిరిన బొగ్గులో, అంటే బిట్యుమినస్ రకంలో, పై రెండు యాసిడ్లూ కార్బన్ వలను దాదాపు కదిలించవు. లేత బొగ్గు లిగ్నైట్‌లో కథ వేరు. దాని వలకు కార్బాక్సిల్ గ్రూపులు చాలా వేలాడుతుంటాయి. వెనిగర్‌కి పులుపునిచ్చే గ్రూపే అది. సోడియం, కాల్షియం వాటిని పట్టుకుని ఉంటాయి. సోడియంకి ఒక చెయ్యి, కాల్షియంకి రెండు. ఆ రెండు చేతులతో అది రెండు గ్రూపులను కలిపి వంతెనలా నిలబడుతుంది. యాసిడ్ పోస్తే లోహం వెళ్ళిపోయి ఆ చోట్లో హైడ్రోజన్ చేరుతుంది, వంతెన తెగుతుంది. ఇన్‌ఫ్రారెడ్ యంత్రంలో చూస్తే 1570 దగ్గరున్న గుర్తు తగ్గి 1700 దగ్గర పెరుగుతుంది.

దీనివల్ల ఏమవుతుందంటారా? ఆ కాల్షియం ఊరికే కూర్చోలేదు. బొగ్గు త్వరగా మండటానికి, గ్యాసుగా మారటానికి ఉత్ప్రేరకంలా సాయం చేస్తోంది. అది పోయాక కాల్చి చూస్తే తారు ఎక్కువ వస్తుంది, మిగిలిన చార్ మందకొడిగా మండుతుంది. బూడిద తగ్గింది కదా, ఇంకా బాగా మండాలి అనుకుంటాం. జరిగేది తిరగబడుతుంది. కడిగిన నమూనా అంకెలు చూసి గ్యాసిఫయర్ కొలతలు వేస్తే యంత్రం అవసరానికి మించి పెద్దదైపోయే ప్రమాదం ఉంది. అందుకే మా ల్యాబ్‌లో కడిగినదీ కడగనిదీ పక్కపక్కనే పరీక్షిస్తాం. అలాగని లోహం పోవటం ఎప్పుడూ నష్టమే అనలేం. నార్త్ డకోటా లిగ్నైట్‌లో సోడియం ఎక్కువైన చోట బాయిలర్ గొట్టాలకు బూడిద గట్టిగా అంటుకుని సతాయిస్తుంది, అక్కడ అది పోతేనే సుఖం.

పైరైటు పై రెండింటికీ కరగదు, నైట్రిక్ యాసిడ్ కావాలి. ఈయన ఇల్లు ఊడ్వమంటే గోడలు కూల్చే రకం. పైరైటుతో పాటు కార్బన్ వలనూ ఆక్సీకరిస్తాడు, కొత్త కార్బాక్సిల్ గ్రూపులు పుట్టిస్తాడు, నైట్రోజన్ అంటిస్తాడు. ఆ బొగ్గును తర్వాత కాస్టిక్ సోడా నీళ్ళలో వేస్తే మంచిభాగం కరిగి కాఫీ డికాషన్ రంగు తేలుతుంది. మామూలు బొగ్గు అలా కరగదు. ఇంతచేసీ వల లోపలి ఉంగరాల్లో ఇమిడిన గంధకం చాలావరకు అక్కడే ఉంటుంది.

ఇక సింగరేణి సంగతి. వెయ్యి మెగావాట్ల కేంద్రం మన బొగ్గుతో నడిస్తే రోజుకు 15 వేల టన్నుల లెక్కన కావాలి. అంత బొగ్గును ఆ భయంకరమైన యాసిడ్‌లో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, ఆ విషపు నీళ్ళను ఏ వాగులోకీ పోకుండా శుద్ధి చెయ్యాలి. క్లోరైడు కాస్త మిగిలినా బాయిలర్‌కు తుప్పు. బూడిద చెరువుల పక్క ఊళ్ళవాళ్ళ బాధ నిజమే. కానీ దానికి బదులు ఫ్లోరైడు చెరువు తెచ్చిపెడితే వాళ్ళే ఒప్పుకోరు. ఇవాళ్టికి సెలవు.