ఆరు నెలలకొక సూది

హెచ్.ఐ.వి. సోకనివారు, సోకే అవకాశమున్న పరిస్థితుల్లో ముందుజాగ్రత్తగా వాడే మందును ప్రెప్ అంటారు. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటాబిన్ కలిసిన మాత్ర క్రమంగా వేసుకుంటే, వైరస్ ఒంట్లో చేరినా పెరగలేక అంతరిస్తుంది. అయితే యోని కణజాలానికి టెనోఫోవిర్ తక్కువగా చేరుతుంది కనుక, కొందరు పురుషులకు సూచించినట్లు కలయికకు ముందూ వెనుకా మాత్రమే వేసుకుంటే స్త్రీలకు చాలదు, రోజూ వేసుకోవలసిందే.

చిక్కంతా ఆ రోజువారీ నియమంలోనే ఉంది. ఆఫ్రికాలో 5,029 మంది స్త్రీలతో జరిపి 2015లో ప్రచురించిన వాయిస్ అధ్యయనంలో, ప్రెప్ మాత్రలిచ్చిన వారి రక్తనమూనాల్లో మూడో వంతులో కూడా మందు జాడ దొరకలేదు. ఇది కేవలం మతిమరుపు కాదు. మాత్రల డబ్బా కంటపడితే తమకే ఎయిడ్స్ ఉందనుకుంటారన్న భయం ఒక పెద్ద కారణం. అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రమైన పాడేరు చుట్టూ ఉన్న మన్యంలో, రోడ్డు లేని గూడెం నుంచి రోగినే డోలీలో మోసుకురావలసిన చోట, జబ్బేమీ లేని స్త్రీ నెలనెలా మందులకు దిగివస్తే ఆరా తీయనివారుండరు.

అందుకే లెనకపవిర్ మీద ఇంత ఆశ. వైరస్ జన్యుపదార్థాన్ని కప్పి ఉంచే ప్రొటీన్ గూడును దెబ్బతీసే ఈ మందును ఆరు నెలలకొకసారి పొట్ట చర్మం కింద రెండు సూదులుగా ఇస్తారు. ఆరంభంలో రెండు రోజులు మాత్రలూ ఉంటాయి. సూది గుచ్చిన చోట చిన్న గడ్డ కొన్నాళ్లు చేతికి తగలవచ్చు. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఇది తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్.ఐ.వి. సోకలేదని 2024లో తేలింది. అమెరికాలో ఏడాదికి 28 వేల డాలర్లు దాటిన దీన్ని, తయారీ అనుమతి పొందిన హైదరాబాద్ సంస్థలు డాక్టర్ రెడ్డీస్, హెటెరో 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాలకు దాదాపు 40 డాలర్లకే అందిస్తాయని 2025 సెప్టెంబరులో ప్రకటన వెలువడింది.

హైదరాబాద్‌లో తయారైనంత మాత్రాన మందు పాడేరు ఘాట్ ఎక్కదు. ప్రెప్‌కు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2022లోనే మార్గదర్శకాలు రాసినా, చికిత్స మందుల్లా ఉచితంగా పంచే ఏర్పాటు ఆ వెంట రాలేదు. ఆశ పెట్టుకోదగిన దారి మాత్రం ఒకటుంది: గర్భం రాకుండా మూడు నెలలకొకసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్‌ను ప్రభుత్వ కేంద్రాలు 2017 నుంచే ఉచితంగా ఇస్తున్నాయి కనుక, అక్కడికే ఈ సూది కోసం వచ్చే స్త్రీని వింతగా చూసే అవసరం లేదు. అయితే లెనకపవిర్ ప్రతి సూదికి ముందూ హెచ్.ఐ.వి. పరీక్ష తప్పదు; ఇతర సుఖవ్యాధులను ఆ మందు ఆపదు గనుక కండోమ్ అవసరమూ తీరదు. మధ్యలో మానేస్తే మందు నెలల తరబడి తక్కువ మోతాదులో ఒంట్లో మిగిలి, ఆ సమయంలో సోకిన వైరస్ దానికి లొంగకుండా తయారయ్యే ప్రమాదముంది. అందువల్ల పనికోసం మైదానానికి వలసపోయే మనిషికి రెండో సూది ఏ ఊళ్లో ఎవరు వేస్తారో మొదటి సూదినాడే ఖాయం చేసుకోవాలి.